ఉక్కపోతకు ఎన్నో నంబరు హెచ్చరిక?

(మచిలీపట్నంలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఇవాళ కూడుకున్నామో ఆ మాస్టారు, మనం బందరు అని పిలుచుకునే ఈ మచిలీపట్నంలో తరాలకు సైన్సు చెప్పారు. ఆయన బడి వరండాలో రెండు థర్మామీటర్లు పక్కపక్కనే వేలాడుతూ ఉండేవి. ఒకటి మామూలుది. రెండోదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి, గుడ్డ కొసను చిన్న నీళ్ల సీసాలో ముంచి ఉంచేవారు. రెండు అంకెలనూ పిల్లల చేత నల్లబల్ల మీద రాయించేవారు. ఊరంతా మొదటి అంకె గురించి మాట్లాడుకుంటుంటే, ఆయన రెండోదాన్ని గమనించమనేవారు. వైద్యవృత్తిలోకి వచ్చి, వేసవి వార్డుల్లో పనిచేశాక ఆ మాట విలువ నాకు బోధపడింది. అందుకే ఈ ఉపన్యాసానికి ఉక్కపోతను విషయంగా తీసుకున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. తుఫాను వస్తోందంటే ఊరంతా, ప్రభుత్వమంతా కదలడం ఈ తీరం నేర్చుకుంది. ఉక్కపోత వచ్చినప్పుడు మాత్రం ఎవరి ఫ్యాను కింద వాళ్లం, ఎవరి ఓపిక మేరకు వాళ్లం బతికి బయటపడుతున్నాం. తుఫానుకు ఉన్న కట్టుబాటు ఉక్కపోతకూ కావాలి.

తడిగుడ్డ చెప్పే నిజం

1774లో లండన్‌లో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు కొందరు మిత్రులతో కలిసి, పొయ్యిలతో బాగా వేడెక్కించిన పొడి గదిలోకి వెళ్లాడు. గదిలో వేడి, నీరు మరిగే స్థాయిని దాటి, తర్వాతి ప్రయోగాల్లో దాదాపు 127 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లింది. అందులో పెట్టిన కోడిగుడ్లు గట్టిపడ్డాయి, మాంసం ముక్క ఉడికిపోయింది. లోపల కొన్ని నిమిషాలు గడిపిన మనుషులు మాత్రం క్షేమంగా బయటికి వచ్చారు. చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోతూ వాళ్ల ఒంటిని కాపాడింది.

1905లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లో వేడిని పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించాడు. గాలి కదలని చోట తడి థర్మామీటరు 31 డిగ్రీలు దాటితే, చొక్కా విప్పి ఊరికే కూర్చున్న మనిషికి కూడా ఒంటి వేడి పెరగడం మొదలవుతుందని అందులో చూపించాడు.

ఒకచోట 127 డిగ్రీల్లో మనిషి నిలబడ్డాడు. మరోచోట తడి థర్మామీటరు 31 డిగ్రీలకే ఒళ్లు ఓడిపోయింది. ఈ రెండింటి నడుమ ఉన్న తేడా అంతా గాలిలోని నీటిది.

మన ఇళ్లలోని మట్టికుండను చూడండి. కుండ ఒంట్లోంచి ఊరిన తడి ఆవిరవుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. ముసురు పట్టిన రోజున ఆ తడి ఆరదు, నీళ్లూ చల్లబడవు. మన శరీరం సంగతీ అంతే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ నిండి ఉంటే ఆ చెమట ఆరకుండా కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంట్లోని నీటిని, ఉప్పును పట్టుకుపోతుంది గానీ వేడిని తీసుకుపోదు. చొక్కా తడిసి ముద్దయిపోయినా ఒళ్లు కాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు రెండు ఊళ్ల లెక్క చూద్దాం. రామగుండంలో ఒక మే మధ్యాహ్నం 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. తడి థర్మామీటరు 25 దగ్గర ఉంటుంది. అదే రోజు బందరులో 36 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకుందాం. తడి థర్మామీటరు 31 చూపిస్తుంది. పేపర్లో రామగుండం పెద్ద అక్షరాల్లో వస్తుంది. బందరు ఆ పట్టికలో ఎక్కడో అడుగున ఉంటుంది. హాల్డేన్ గీసిన గీత మీద నిలబడి ఉన్నది మాత్రం బందరు మనిషి.

రామగుండం ఎండ తక్కువ ప్రమాదమని నా ఉద్దేశం కాదు. అక్కడి పొడి వడగాలి ఒంట్లో నీటిని తెలియకుండానే లాగేస్తుంది. ఎండ నేరుగా నెత్తి మీద పనిచేస్తుంది. తేమ తక్కువ కాబట్టి అక్కడ ప్రమాదకరమైన తడి థర్మామీటరు అంకె కూడా ఇంకా కిందనే ఉంటుంది. పొడి ఎండ ఒక దారిలో చంపుతుంది, ఉక్కపోత మరో దారిలో చంపుతుంది. రెండింటికీ ఒకే కొలత, ఒకే సలహా సరిపోవు.

చాలాకాలం శాస్త్రజ్ఞులు తడి థర్మామీటరు 35 డిగ్రీలను మనిషి తట్టుకోగల చివరి హద్దుగా చెప్పారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరోగ్యవంతులైన యువతీయువకుల మీద ప్రయోగాలు చేసి ప్రకటించిన ఫలితాల్లో, తేమగాలిలో ఆ హద్దు 31 దగ్గరే తేలింది. వాళ్లు చేసినది ఇంటిపనంత తేలిక శ్రమ. డెబ్బై ఏళ్ల పెద్దవారికి, గుండెజబ్బు ఉన్నవారికి, బస్తాలు మోసే హమాలీకి ఆ హద్దు ఇంకా కిందనే ఉంటుంది.

మన తీరం గాలి

మే నెలలో ఇక్కడ రెండు గాలులు పోటీ పడతాయి. పడమటి నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా వచ్చే పొడి వేడిగాలి ఒకటి. మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి వచ్చే గాలి రెండోది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి లోపలికి రాలేదు. అప్పుడు తీరంలో కూడా 44, 45 డిగ్రీలు పడతాయి. సముద్రపు గాలి వేళకు వస్తే అంకె తగ్గుతుంది, తేమ పెరుగుతుంది. రెండూ కదలకుండా బిగుసుకుపోయిన గంటలే ఉక్కపోతకు అసలు గంటలు. చుట్టూ చెరువులు, కాలువలు, రొయ్యల గుంటలు ఉన్న డెల్టాలో తేమకు కొదవ లేదు. రాత్రి కూడా ఆ తేమ భూమి వేడిని పైకి పోనివ్వదు. తెల్లవారుజామున 29, 30 డిగ్రీల కిందికి దిగకపోతే, పగలంతా అలసిన గుండెకు విరామం దొరకదు.

ఇక్కడ వాతావరణ శాఖ కొలమానం గురించి ఒక మాట చెప్పాలి. మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు దాటి, మామూలుకంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాల్పుల రోజుగా లెక్కిస్తారు. ఈ లెక్కలో తేమకు చోటు లేదు. నేను చెప్పిన బందరు రోజు, 36 డిగ్రీలు, 70 శాతం తేమ, వడగాల్పుల రోజు కిందికి రాదు. వాతావరణ శాఖ ఉక్కపోత హెచ్చరికలు విడిగా ఇస్తోంది. 2023 నుంచి తేమను కూడా కలిపిన ఉష్ణసూచికను ప్రయోగాత్మకంగా ప్రకటిస్తోంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాల్పుల సమాచారం పంపుతోంది. ఇవన్నీ మంచి అడుగులే. అయితే ఆ హెచ్చరిక వచ్చిన రోజున ఎవరు ఏం చేయాలన్నది ఊరి స్థాయిలో ఇంకా కుదురుకోలేదు.

ఇంట్లో చేయగలిగింది

ముందు ఇంటి సంగతి. మన సలహాలు చాలావరకు పొడి ఎండను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. వట్టివేళ్ల తడికలు తడపడం, తలుపులు మూసి చీకటి చేసుకోవడం, నీళ్ల కూలరు పెట్టడం హైదరాబాదులో, నిజామాబాదులో బాగా పనిచేస్తాయి. బందరులో, కాకినాడలో, విశాఖలో మూసిన గదిలో నీళ్ల కూలరు తిప్పితే ఉన్న తేమకు మరింత తేమ కలుస్తుంది. ఇక్కడ కావలసింది గాలి కదలిక. ఎదురెదురు కిటికీలు తెరవాలి. ఎండ పడే వైపు నీడ కట్టాలి. కూలరు ఉంటే నీళ్లు లేకుండా ఫ్యానులా వాడుకోవాలి. ఒంటిని తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద కూర్చుంటే మంచి ఉపశమనం. పొడి ఎండలో, గదిలో 40 డిగ్రీలు దాటాక, ఫ్యాను ఒక్కటే వేడిగాలిని ఒంటి మీదికి తోస్తుంది. అప్పుడు ఒళ్లు తడిపి తీరాలి.

మన పెద్దల మండువా లోగిళ్లలో, వసారాల్లో, తాటాకు కప్పుల్లో ఈ తీరానికి సరిపడే తెలివి ఉంది. వాటి స్థానంలో వచ్చిన కాంక్రీటు స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. రేకుల ఇంట్లో ఉండే పేద కుటుంబానికి పగలు పొయ్యి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఆ స్లాబు మీద, ఆ రేకు మీద వేసవికి ముందు తెల్లసున్నం కొట్టినా తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. తీరంలోని ప్రభుత్వ గృహ పథకాలకూ అలాంటిది అవసరం.

తాగే వాటి సంగతి మీకు నేను కొత్తగా చెప్పేది తక్కువ. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి, తరవాణి, రాగి అంబలి, నిమ్మరసం, తాటిముంజలు, కొబ్బరినీళ్లు మనకు ఉన్నవే. బాగా చెమట పట్టి పనిచేసేవాళ్లు వట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. అందుకే ఓఆర్ఎస్. ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిస్తే పేగు నీటిని త్వరగా పీల్చుకుంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే కలరా రోగులను బతికించారు. పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కాదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు, నీరు పోయే మాత్రలు వాడేవారు వేసవి రాకముందే డాక్టరుతో మాట్లాడి నీళ్లు, ఉప్పు, మందుల మోతాదు తేల్చుకోవాలి.

వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లి, ఒంటరిగా ఉంటున్న అమ్మమ్మలు, తాతయ్యలు మన వీధుల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లకు దాహం వేసేదాకా ఆగకూడదు. ఎవరో ఒకరు వెళ్లి గ్లాసు చేతికివ్వాలి.

వడదెబ్బ గురించి రెండు అపోహలు ప్రాణాల మీదికి తెస్తున్నాయి. చెమట పడుతున్నంతసేపు వడదెబ్బ కాదనుకోవడం మొదటిది. శ్రమ చేస్తూ పడిపోయినవారికి ఒళ్లంతా చెమట ఉండగానే వడదెబ్బ తగులుతుంది. చూడవలసింది తీరు. మాట తడబడినా, మనిషి పొంతన లేకుండా ప్రవర్తించినా, స్పృహ తప్పినా, ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరినా వడదెబ్బే. జ్వరం మాత్ర వేస్తే తగ్గుతుందనుకోవడం రెండోది. ఇది జ్వరం కాదు, ఆ మాత్ర పనిచేయదు. 108కు ఫోన్ చేసి, బండి వచ్చేలోగా చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. మెడకు, చంకలకు, గజ్జలకు ఐసు పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. మెదడును కాపాడేది ఆ తొలి అరగంటే.

పనిచేసేవాళ్ల వేసవి

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంట్లో ఉండగలిగినవారికి. వేసవిలోనే ఎక్కువ పని ఉండేవారి మాటేమిటి? చినగంజాం, నౌపడ ఉప్పుమళ్లలో ఎండ ఎంత ముదిరితే అంత పని. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు దిగేది ఎండాకాలంలోనే. ఇటుక బట్టీలు, కట్టడాలు, ఉపాధి హామీ చెరువు పనులు ఈ నెలల్లోనే సాగుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో మత్స్యకారులు ఒడ్డున వలలు కట్టుకుంటూ, కూలిపనులకు వెళుతూ గడుపుతారు.

శ్రమ చేసే మనిషి కండరాలే ఒంట్లో పొయ్యిలా వేడి పుట్టిస్తాయి. గుండె ఒకవైపు కండరాలకు, మరోవైపు చల్లబరచడానికి చర్మానికి రక్తం పంపాలి. తేమలో ఆ రెండో పని ఫలించదు. గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. వేసవిలో పనిచోట కుప్పకూలి, గుండెపోటుగా నమోదైన చావుల్లో ఎన్ని ఉక్కపోత చావులో లెక్క తేలదు.

ఆడవాళ్ల సంగతి మరో బాధ. పనిచోట మరుగుదొడ్డి లేకపోతే వాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. రొయ్యల షెడ్డుల్లో, మిరప కల్లాల్లో, రోడ్డు పనుల్లో ఇది నేను పదేపదే విన్న మాట. నీళ్లు తాగండని పోస్టరు అంటించేవారు మరుగుదొడ్డి కట్టించడం కూడా తమ పనే అనుకోవాలి.

కొత్తగా ఎండ పనికి వచ్చినవారి శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. తొలి రోజుల్లోనే వారికి ప్రమాదం ఎక్కువ. కొత్తవారికి మొదటి వారం సగం పని ఇచ్చి, క్రమంగా పెంచడం మేస్త్రీలకు తెలిసి ఉండాలి.

ఈ జాగ్రత్తలను చట్టంగా మార్చవచ్చని మన వాళ్లకు ప్రత్యక్షంగా తెలుసు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి లక్షల మంది గల్ఫ్‌కు వెళ్లారు. అక్కడి వేసవి కూడా సముద్రపు తేమతో కూడినదే. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని నిషిద్ధం. వేడి, తేమ, ఎండ, గాలి నాలుగూ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళ అయినా పని ఆపాలి. ఆ దేశాల్లో కార్మికుల అవస్థలు తీరిపోయాయని నేను అనను. కానీ జగిత్యాల మనిషికి దోహాలో వర్తించే కొలత, అదే మనిషి ఊరికి తిరిగి వచ్చి కట్టడం పనికి వెళితే వర్తించకపోవడం మనం సరిదిద్దవలసిన లోపం.

ఖతార్ వాడే ఆ సూచిక పుట్టింది 1950లలో అమెరికా మెరైన్ దళ శిక్షణ శిబిరాల్లో. కొత్త సైనికులు వేడికి పడిపోతుంటే, సూచికను బట్టి రంగు జెండాలు ఎగరవేయడం మొదలుపెట్టారు. నల్లజెండా ఎగిరితే కఠినమైన కసరత్తు ఆగిపోవాలి. మన దగ్గరా ఒక మంచి పద్ధతి ఉండేది. ఉపాధి హామీ పనుల్లో వేసవి భత్యం పేరుతో ఎండ నెలల్లో తక్కువ పనికే పూర్తి కూలి కట్టేవారు. అలాంటి ఏర్పాటును ఎండ పనులన్నిటికీ విస్తరించాలి.

తుఫాను నేర్పిన పాఠం

జెండాల మాట వచ్చింది కాబట్టి మన ఓడరేవు సంగతికి వస్తాను. మచిలీపట్నంలో ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు ప్రమాద హెచ్చరిక అంటే ఏమిటో ఇక్కడి పిల్లవాడికి కూడా తెలుసు. ఏ నంబరుకు పడవ ఒడ్డుకు లాగాలో, ఏ నంబరుకు ఇల్లు వదలాలో పల్లెపాలేలకు తెలుసు.

అది ఊరికే రాలేదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. ఆ తర్వాత తుఫాను షెల్టర్లు లేచాయి. ఈ ఊళ్లో రాడార్ నిలిచింది. హెచ్చరిక వ్యవస్థ, ఊళ్లు ఖాళీ చేయించే పద్ధతి బలపడ్డాయి. 1990 మే నెలలో దాదాపు అంతే బలమైన తుఫాను ఇదే తీరాన్ని తాకింది. పోయినవారు 967 మంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. చెట్లు, స్తంభాలు నేలమట్టమయ్యాయి. రాష్ట్రంలో మరణాలు వందలోపే ఉన్నాయి. పది వేల నుంచి వెయ్యికి, వెయ్యి నుంచి వందలోపుకు తగ్గించాం. ఇది తెలుగువారు గర్వించదగిన ఘనత.

సరిగ్గా ఆ తర్వాతి వేసవే, 2015 మే నెలలో, వడగాల్పులకు, ఉక్కకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300కు పైగా, తెలంగాణలో 500కు పైగా మరణించారు. హుద్‌హుద్‌ను ఎదిరించి నిలిచిన రాష్ట్రం, ఎనిమిది నెలలు తిరగకముందే, శబ్దం లేని ఎండకు అంతకు ఎన్నో రెట్లు మనుషులను పోగొట్టుకుంది. తుఫాను ఒకే రాత్రి అందరి కళ్ల ముందూ వస్తుంది. ఉక్కపోత ఒక్కొక్క ఇంట్లో, ఒక్కొక్క మంచం మీద, విడివిడిగా చంపుతుంది. అందుకే దాని కోసం మనం ఇంకా వీధుల్లోకి రాలేదు, షెల్టరు అడగలేదు.

ఊరు కదిలితే ఫలితం ఉంటుంది. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో 46.8 డిగ్రీలు పడింది. ఆ ఒక్క నెలలో మామూలుకంటే 1,344 మంది అదనంగా చనిపోయారని తర్వాత అధ్యయనంలో తేలింది. 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే తొలి ఉష్ణ కార్యాచరణ ప్రణాళిక తయారు చేసుకుంది. రంగులవారీ హెచ్చరికలు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, నీటి కేంద్రాలు, తర్వాత చేరిన పేదల ఇళ్ల తెల్ల పైకప్పులు అందులో భాగం. మన రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. తీరానికి తగ్గట్టు దాన్ని దిద్దుకోవడం మన వంతు.

నా ప్రతిపాదనలు

ఈ వేదిక మీంచి నాలుగు విషయాలు అడుగుతున్నాను.

మొదటిది, తీరంలోని ప్రతి మండలంలో తేమను కలిపిన కొలతతోనే హెచ్చరిక ఇవ్వాలి. దానికి ఓడరేవు హెచ్చరికల్లాగే నంబర్లు ఉండాలి. ఒకటో నంబరుకు ఏం చేయాలి, రెండో నంబరుకు ఏం ఆపాలి అన్నది ఊరందరికీ కంఠస్థం కావాలి. ఆకాశవాణిలో, గుడి మైకులో, మసీదులో, చర్చిలో అది వినిపించాలి. ప్రతి హైస్కూలులో తడి థర్మామీటరు పెట్టి పిల్లల చేత అంకె రాయించాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

రెండోది, పై నంబరు హెచ్చరిక వచ్చిన రోజున మధ్యాహ్నం ఆరుబయట పని ఆగాలి, కూలి ఆగకూడదు. కూలి పోతుందంటే ఏ కార్మికుడూ నీడకు రాడు. పనిచోట నీడ, ఉప్పు మజ్జిగ లేదా ఓఆర్ఎస్, మరుగుదొడ్డి, విరామం గుత్తేదారు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి.

మూడోది, తీరం వెంట ఉన్న తుఫాను షెల్టర్లను వేసవిలో తెరవాలి. ఫ్యాన్లు, జనరేటరు, చల్లని నీళ్లు పెట్టి, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా రేకుల ఇళ్లవారికి, వృద్ధులకు, గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు అందుబాటులో ఉంచాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు మూసి ఉండే భవనాలు అవి. ఉప్పెన నుంచి కాపాడిన గోడలే ఉక్క నుంచీ కాపాడగలవు.

నాలుగోది ప్రభుత్వాన్ని కాదు, మనల్ని అడుగుతున్నాను. వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవారి జాబితాను ఆ వీధివారే రాసుకోవాలి. హెచ్చరిక రోజున పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టి పలకరించాలి. ఆశా కార్యకర్తలు ఒంటరిగా ఇంత పని చేయలేరు. మాస్టారి శిష్యులు ఈ ఊరి ప్రతి పేటలోనూ ఉన్నారు. మాస్టారి స్మృతిలో నెలకొల్పిన ఈ ధర్మనిధి తరఫున వచ్చే వేసవికి ముందే ఆ జాబితాలు తయారుచేసే పని మొదలుపెట్టండి. శిక్షణ ఇవ్వడానికి నేనూ, నా తోటి వైద్యులూ వస్తాం.

రాబోయే వేసవులు ఇంకా వేడిగా ఉంటాయి. వెచ్చబడిన సముద్రం గాలిలోకి ఇంకా ఎక్కువ తేమ పంపుతుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. ఏసీ కొనుక్కోగలిగినవారు కొనుక్కుంటారు. దాని వేడి వీధిలోకి వస్తుంది, వీధిలో ఉన్నవారి మీద పడుతుంది. కాబట్టి ఒక్కొక్కరం విడిగా తప్పించుకునే దారి ఈ తీరానికి చాలదు. దివిసీమ తర్వాత మన పెద్దలు ప్రకృతిని ఆపలేకపోయినా, చావును ఆపవచ్చని నిరూపించారు. ఆ పని వాళ్లు ఒక్క తరంలో చేశారు. మనకూ ఒక తరం చాలు. అయితే అది ఈ వేసవిలోనే మొదలు కావాలి.